నీలం ముందా, నారింజ ముందా?

పాత రేసు కారు బొమ్మ కావాలంటే మంచి ఫొటో ఒకటి వెతికి ప్రింటు తీయించుకుంటే సరిపోతుంది. మరి ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కట్టి, చేత్తో ఇంకు లాగి, వంద కాపీలు కాగానే ఆపేసే సిల్క్‌స్క్రీన్ ప్రింట్లంటే అభిమానులకు అంత మోజెందుకు?

సగం జవాబు ఆ కార్ల ఒంటి మీదే ఉంది. 1968లో 9వ నంబరుతో, 1969లో 6వ నంబరుతో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెం గెలిచింది ఒకటే బండి: గల్ఫ్ ఆయిల్ రంగుల ఫోర్డ్ జీటీ40. ఒళ్లంతా లేత నీలం, నడిమధ్య నారింజ పట్టీ, తెల్లటి గుండ్రంలో అంకె. ఎంత దూరం నుంచైనా కంటికి ఆనే రంగులు, అంచులు తేటగా తెగిన రంగులు. సిల్క్‌స్క్రీన్‌కు బాగా చేతనైన పని కూడా అదే. మామూలు ఆఫ్‌సెట్ అచ్చులో నారింజ ఇంకు విడిగా ఉండదు. పసుపు, మెజెంటా చుక్కలు కలిసి కంటికి నారింజలా తోస్తాయి. భూతద్దం పెడితే చుక్కలు బయటపడతాయి. స్క్రీన్ ప్రింటులో అలా కాదు. కావలసిన నారింజనే డబ్బాలో కలిపి లాగుతారు. అది కాగితం మీద మందంగా కూర్చుంటుంది. పక్కవాటుగా వెలుతురు పడితే పట్టీ అంచు ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

ఎలా చేస్తారు? మన ఊళ్లలో శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపు చూసినవాళ్లకు ఈ పని కొత్త కాదు. ఫ్రేముకు సన్నటి పాలియెస్టర్ జాలీ బిగించి, ఎమల్షన్ పూసి, ఆరాక బొమ్మను నల్లగా దించిన ఫిల్మ్ ఆనించి లైటు చూపిస్తారు. వెలుతురు తగిలినచోట ఎమల్షన్ గట్టిపడుతుంది. ఫిల్మ్ మీది నలుపు అడ్డుపడినచోట నీళ్లకు కరిగిపోతుంది. అలా తెరుచుకున్న జాలీలోంచి రబ్బరు స్క్వీజీతో ఇంకు కాగితం మీదికి దింపుతారు.

అసలు చిక్కు రెండో రంగుతో మొదలవుతుంది. నీలం మీదే నారింజ వేస్తే, ఇంకు పలచనైతే అడుగు రంగు పైకి తేలి పట్టీ మసకబారుతుంది. అందుకని నీలం స్క్రీన్‌లోనే పట్టీ మేర ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ పట్టీకి సరిగ్గా సరిపోయిందా, కాగితం వెంట్రుకవాసి జరిగినా మధ్యలో తెల్ల గీత బయటపడుతుంది. కాబట్టి నారింజను ఇసుమంత వెడల్పు చేసి నీలం అంచు మీదికి ఎక్కిస్తారు. సాధారణంగా నీలం ముందు, నారింజ తర్వాత, చక్రాలూ గీతలూ తేల్చే నలుపు అన్నిటికన్నా చివర. పైగా కాగితం గాలిలోని తేమకు సాగుతుంది. నిన్న కుదిరిన కొలత ఇవాళ కుదరదు. ప్రతి రంగు దగ్గరా కొన్ని కాగితాలు పాడవుతాయి గనుక మొదటి రంగుకే కొన్ని ఎక్కువ పెట్టుకుంటారు.

సిల్క్‌స్క్రీన్ బొమ్మలకు పేరుపడ్డ అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ మాత్రం రంగు గీత దాటడాన్నే తన ముద్రగా చేసుకున్నాడు. కారు పుట్టి వందేళ్లయిన సందర్భంగా 1986లో మెర్సిడెస్ బెంజ్ కార్లతో ‘కార్స్’ వరస మొదలుపెట్టాడు. 1987 ఫిబ్రవరిలో పోయేనాటికి 49 బొమ్మలయ్యాయి. ఆ తెగువ నాకిష్టమే. కానీ జీటీ40 లాంటి బండికి తేటగా తెగిన అంచే అందం.

ఇక వందతోనే ఆపడం ఎందుకు? స్క్రీన్ అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. జాగ్రత్తగా వాడితే ఆ స్క్రీన్ వేల కాపీలు వేస్తుంది. ఆ హద్దు చేసినవాళ్లు ఇచ్చిన మాట. అడుగున పెన్సిలుతో 37/100 అని రాస్తే, వంద సంతకమయ్యాక ఇక వేయబోమని అర్థం. తర్వాత స్క్రీన్ మీది ఎమల్షన్ కడిగేస్తారు. 1వ నంబరు 90 కన్నా మేలైనదనీ లేదు, నంబర్లు అచ్చయిన వరసలోనే పడాలన్న నియమమూ లేదు. ‘ఏ.పి.’ అని ఉన్నవి కళాకారుడి వాటా, వందలో కలవవు. అవెన్ని వేశారో కొనేముందు అడగండి. ఎన్ని స్క్రీన్లు వాడారో కూడా అడగండి. ఇంక్‌జెట్ ప్రింట్ల మీద కూడా నంబర్లు వేసి అమ్ముతున్నారు. స్క్రీన్ల లెక్క చెప్పగలిగేది చేత్తో లాగినవాళ్లే.