ఏడ్చే మగవాణ్ని నమ్మరాదా?

సూరత్‌లో అడాజన్ నుంచి తాపీ నది దాటి అవతలి గట్టుకు వెళ్తే కతార్‌గామ్, వరాఛాలలో వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు కనిపిస్తాయి. అక్కడి కార్మికులను ‘రత్నకళాకారులు’ అంటారు. అత్యధికులు మగవారే. చాలామందికి రాయికి ఇంత చొప్పున కూలి. 2022 తర్వాత విదేశాల్లో గిరాకీ పడిపోయింది. ప్రయోగశాల వజ్రాల పోటీ పెరిగింది. కార్మికుల ఆత్మహత్యల వార్తలు వరుసగా రావడంతో 2024 జూలైలో గుజరాత్ వజ్ర కార్మికుల సంఘం హెల్ప్‌లైన్ ప్రారంభించింది. ఫోన్ చేసినవారు ఎక్కువగా అడిగింది పని, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాల గురించే.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 1,22,724 మంది పురుషులు. అంటే ప్రతి పదిమందిలో ఏడుగురు. మొత్తం మృతుల్లో నాలుగో వంతుకు పైగా దినసరి కూలీలు.

ఆర్థిక కష్టం ఇంటిల్లిపాదిదీ. మరి మగవారికే ఇంత ముప్పు ఎందుకు? ‘ఉద్యోగం పురుష లక్షణం’ అని నమ్మేచోట పని పోతే ఆదాయంతోపాటు గౌరవమూ పోయిందనిపిస్తుంది. ‘ఏడ్చే మగవాణ్ని నమ్మరాదు’ అనే సామెత ఆ బాధ చెప్పుకునే దారినీ మూసేస్తుంది.

ఏ లక్షణం ప్రమాదకరం?

‘మగతనం’ అంతా హానికరమని దీని అర్థం కాదు. ఆస్ట్రేలియాలో 13,884 మంది పురుషులపై జరిగిన ‘టెన్ టు మెన్’ అధ్యయన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. గెలవాలనే తపన, భావాలను అణచుకోవడం, పనికే పెద్దపీట వేయడం వంటి 11 ధోరణులను పరిశోధకులు కొలిచారు. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక, ఆత్మహత్య ఆలోచనలకు ముప్పుగా తేలింది ఒక్కటే: ‘ఎవరి సాయమూ అడగను, నా కష్టం నేనే పడతాను’ అనే పట్టుదల. ఈ సంబంధం మాత్రమే కారణమని చెప్పలేం. అయినా ఎక్కడ జాగ్రత్తపడాలో ఇది చూపుతోంది.

సాయం అడగనివారు వైద్యుల దాకా రావడం ఆలస్యమవుతుంది. పురుషుల్లో కుంగుబాటు ఒక్కోసారి కోపంగా, తాగుడుగా, నిద్రలేమిగా బయటపడుతుంది. ఇంట్లోవారు దాన్ని దురుసుతనం అనుకుంటారు.

అడగడమే మొదటి సాయం

‘నాకు దిగులుగా ఉంది’ అనలేని మనిషి ‘ఫీజు కట్టాలి, పని ఉందా?’ అని అడగగలడు. ఆ ప్రశ్న వెనకున్న బాధను వినడం అవసరం. అలాగని ఓదార్పు మాటలు ఫీజు కట్టవు. ఉపాధి, అప్పుల సమస్యలకూ పరిష్కారం కావాలి.

‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ ‘టెలి మానస్’ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.