చప్పట్ల తర్వాత సంగతి

ఉపన్యాసం ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు. న్యాయవాదులకు కొత్త చట్టాలు నేర్పే సదస్సులు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది.

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టాకు ఒక జాతకం ఉంటుంది. ఏ కర్మాగారంలో, ఏ ఏడాది తయారైంది, ఏ హీట్ ఉక్కుతో పోత పోశారు అన్న వివరాలు దాని మీదే ముద్రించి ఉంటాయి. బయటికి పంపేముందు లోపల పగుళ్లేమైనా ఉన్నాయేమోనని అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. ఆ తర్వాత దేశంలో ఏ మూలన ఆ పట్టా విరిగినా హీట్ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లి లోపం ఎక్కడుందో వెతకొచ్చు. సరుకు గేటు దాటినంత మాత్రాన బాధ్యత తీరిపోదని ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

చట్టాలు నేర్పే సదస్సులకు మాత్రం ఈ పద్ధతి ఇంకా అలవడలేదు. దేశంలో ఎక్కడైనా వాటి తీరు ఇంచుమించు ఒకటే. జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, గంటన్నర ఉపన్యాసం, రెండు మూడు ప్రశ్నలు, వందన సమర్పణ, భోజనం. నిర్వాహకులు శ్రద్ధ ఉన్నవారైతే చివర్లో ఒక కాగితం పంచుతారు. ‘కార్యక్రమం ఎలా ఉంది? బాగుంది, చాలా బాగుంది, అద్భుతం’. అందులో ఏదో ఒకదానికి టిక్కు పెట్టి అందరూ వెళ్లిపోతారు. నేర్చుకున్న ముక్క కోర్టు దాకా వెళ్లిందో లేదో అడిగే నాథుడుండడు.

ఒకప్పుడైతే దీనివల్ల పెద్ద నష్టం లేదని సరిపెట్టుకునేవారేమో. ఇప్పుడు కుదరదు. 2024 జులై 1న భారత శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్యాధారాల చట్టం మూడూ ఒకేసారి తెరమరుగై, వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఆ వెనకే 2025 నవంబర్ 21న 29 కార్మిక చట్టాలను కలిపేసిన నాలుగు స్మృతులు అమల్లోకి వచ్చాయి. భిలాయి లాంటి ఊళ్లో దీని అర్థం తేలికే. దుర్గ్‌లోని జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు వాదించే వకీలుకూ, కర్మాగారం గేటు దగ్గర కాంట్రాక్టు కార్మికుల తగాదాలు చూసే వకీలుకూ ఏడాదిన్నర తిరక్కుండానే పాత పుస్తకాలు చాలావరకూ మారిపోయాయి. ఇంత మార్పును న్యాయవాదుల చెవిన వేయడానికి సదస్సే ప్రధాన సాధనం. కాబట్టి అది పనిచేస్తోందా లేదా అన్నది నిర్వాహకుల సొంత వ్యవహారం కాదు.

డాక్టర్ ఫాక్స్ పాఠం

శ్రోతలకు నచ్చిందా అన్న ఒక్క ప్రశ్నతో ఈ సంగతి తేలదని అమెరికాలో ఒక సరదా ప్రయోగం ఎప్పుడో రుజువు చేసింది. మానసిక వైద్యులు, విద్యావేత్తలు ఉన్న సభకు ‘డాక్టర్ మైరన్ ఫాక్స్’ అనే నిపుణుణ్ని తీసుకొచ్చారు. వైద్యవిద్యకు గణిత శాస్త్ర సిద్ధాంతాలను అన్వయించడం గురించి ఆయన అనర్గళంగా మాట్లాడారు, చతురోక్తులు విసిరారు, ప్రశ్నలకు బదులిచ్చారు. శ్రోతలు అభిప్రాయ పత్రాల్లో మెచ్చుకోళ్లు కురిపించారు. తీరా చూస్తే ఆయన డాక్టరూ కాదు, నిపుణుడూ కాదు. ఒక నటుడు. ప్రసంగంలో పరస్పర విరుద్ధమైన, అర్థంలేని మాటలు కావాలనే నింపారు. 1973లో ఈ ప్రయోగం ఫలితాలు అచ్చయినప్పటి నుంచీ ‘ఫాక్స్ ప్రభావం’ అన్న మాట విద్యారంగంలో స్థిరపడిపోయింది.

రెండో హెచ్చరిక 2006 నాటిది. రోడిగర్, కార్పికి అనే మనస్తత్వవేత్తలు విద్యార్థులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. రెండోది ఒకసారి చదివి, గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత అడిగితే లెక్క తారుమారైంది. గుర్తు తెచ్చుకుని రాసిన వారికే ఎక్కువ జ్ఞాపకం ఉంది. అంటే సభ ముగిసిన వెంటనే నింపే కాగితం అసలు ఫలితాన్ని చూపించదు సరికదా, ఒక్కోసారి తలకిందులుగా కూడా చూపిస్తుంది.

శిక్షణను కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పారు. శ్రోతకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నాడా, పనిలో దాన్ని వాడుతున్నాడా, వాడితే ఫలితం వచ్చిందా. మన సదస్సులు చాలావరకూ మొదటి మెట్టు మీదే కూర్చుండిపోతాయి.

పద్నాలుగు నెలల తేడా

నాలుగో మెట్టు ఎందుకు ముఖ్యమో ఒక్క సెక్షన్ చూస్తే చాలు. విచారణ ఖైదీల గురించి చెప్పే నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ అది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. మిగతా నేరాల్లో గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లోనే గడిపేసిన విచారణ ఖైదీని బెయిలు మీద విడుదల చేయాలన్నది పాత చట్టంలోనూ ఉంది. గతంలో ఏ కేసులోనూ శిక్ష పడనివారైతే మూడో వంతు కాలం చాలునని కొత్త చట్టం చేర్చింది. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యతను జైలు సూపరింటెండెంట్ మీద ఉంచింది. పాత కేసుల్లోని ఖైదీలకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

లెక్క వేసి చూడండి. గరిష్ఠంగా ఏడేళ్ల శిక్ష పడే కేసులో సగమంటే మూడున్నరేళ్లు. మూడో వంతంటే రెండేళ్ల నాలుగు నెలలు. తేడా 14 నెలలు. సదస్సులో ఈ సెక్షన్ విని, ‘అద్భుతం’ అని టిక్కు పెట్టి, ఇంటికెళ్లి మరిచిపోయిన వకీలు క్లయింటు ఆ 14 నెలలూ లోపలే ఉండిపోవచ్చు. అలాగని అందరికీ ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఈ సెక్షన్ కింద బెయిలు రాదు. ఆ మెలిక వినకుండా మొదటి సగం మాత్రమే గుర్తు పెట్టుకున్న వకీలు, ఖైదీ కుటుంబానికి లేనిపోని ఆశ పెడతాడు. సగం తెలియడం కూడా ప్రమాదమే.

ఎలక్ట్రానిక్ సాక్ష్యం సంగతీ అంతే. సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సీసీటీవీ ఫుటేజీనో, ఫోను రికార్డింగునో కోర్టుకు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది సాక్ష్యం సమర్పించే పక్షానిది, రెండోది నిపుణుడిది. రికార్డు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఉపన్యాసంలో ఇది రెండు నిమిషాల మాట. ఆ నమూనాను సొంతంగా నింపించి చూస్తేనే ఎంతమందికి అర్థమైందో తేలుతుంది.

కోర్టుకే తప్పలేదు

ఒకసారి చెబితే సరిపోదన్న సంగతి సర్వోన్నత న్యాయస్థానానికే అనుభవమైంది. ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టులు చేయవద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. పోలీసులకు చెక్‌లిస్టు పెట్టింది, మేజిస్ట్రేట్లకు హెచ్చరికలు చేసింది. అయినా ఎనిమిదేళ్ల తర్వాత, 2022 జులైలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో ఆ సంగతే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి చెప్పి ఊరుకోలేదు. అమలు ఎంతవరకూ వచ్చిందో నివేదికలు ఇవ్వాలని రాష్ట్రాలను, హైకోర్టులను ఆదేశించింది. ధిక్కార అధికారం ఉన్న కోర్టుకే వెంటపడక తప్పనప్పుడు, ఆదివారం మధ్యాహ్నం సదస్సుకు తప్పుతుందా?

గంటలు లెక్కపెట్టడం దీనికి మందు కాదు. అమెరికాలో మిన్నెసోటా, అయోవా రాష్ట్రాలు 1975లోనే న్యాయవాదులకు నిరంతర విద్యను తప్పనిసరి చేశాయి. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. కానీ హాజరు పట్టీలో సంతకం వెనకబెంచీలో నిద్రపోయినవాడిదైనా, నోట్సు రాసుకున్నవాడిదైనా ఒకేలా ఉంటుంది. మన దేశంలో అలాంటి దేశవ్యాప్త నిబంధన ఎలాగూ లేదు. కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి 2011 నుంచి అఖిల భారత బార్ పరీక్ష జరుగుతోంది. ఆ పరీక్ష గట్టెక్కాక మళ్లీ ఎవరూ ఏమీ అడగరు.

ఏం అడగాలి, ఎప్పుడడగాలి

ఇందుకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఓపిక కావాలి. సభ ముగిసేముందు పంచే కాగితంలో ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్న తీసేసి మూడు ప్రశ్నలు పెడితే చాలు. అర్థం కాకుండా మిగిలింది ఏమిటి? ఈ నెలలో మీ కేసుల్లో దేనికి దీన్ని వాడతారు? అడ్డొచ్చేది ఏమిటి? వాటికి తోడు ఒక చిన్న సమస్య ఇవ్వాలి. ఉదాహరణకు, 35 మంది కార్మికులున్న కాంట్రాక్టరుకు కొత్త స్మృతి కింద లైసెన్సు నిబంధనలు వర్తిస్తాయా? పాత కేంద్ర చట్టంలో పరిమితి 20 మంది, కొత్త స్మృతిలో 50 మంది అని గుర్తున్నవాడు ఇట్టే చెబుతాడు. హాల్లో సగం మంది తప్పు రాస్తే ఆ తప్పు శ్రోతలది కాదు, చెప్పిన తీరుది.

నెల రోజులకు ఫోనులో ఒక సందేశం పంపాలి. ‘479 కింద ఎన్ని దరఖాస్తులు పెట్టారు? కోర్టు ఏమంది?’ పేర్లు, కేసు వివరాలు అడగకూడదు. క్లయింటు గుట్టు వకీలు దగ్గరే ఉండాలి. సంఖ్య చాలు, ఎదురైన అభ్యంతరం చాలు. మూడు నెలలకు అదే బృందాన్ని గంటసేపు మళ్లీ కూర్చోబెట్టి, ఈసారి ఉపన్యాసం లేకుండా వచ్చిన చిక్కులే చర్చించాలి. జైలు నుంచి కస్టడీ సర్టిఫికెట్ సకాలంలో రావడం లేదని పది మంది చెబితే అది ఉపన్యాసంతో తీరేది కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా జైలుతో మాట్లాడితే తీరేది. శ్రోతల జవాబుల్లో ఇలాంటి సమాచారమే అసలు బంగారం.

అన్నిటికంటే కష్టమైన అంశం మరొకటుంది. వేదిక మీద ఉన్నది సిట్టింగ్ జడ్జి అయితే ‘నాకు అర్థం కాలేదు’ అని పేరు పెట్టి రాసే జూనియర్ ఎవరు? రేపు ఆయన ముందే నిలబడాలి కదా. కాబట్టి పేరు లేని చీటీలే మేలు. వాటిని వక్త కాకుండా ఇంకొకరు చదివి సారాంశం ఇవ్వాలి. భాష మాటా ఉంది. భిలాయిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారితో పాటు కర్మాగారం కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారి లాంటి వలస కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. బిలాస్‌పూర్ హైకోర్టు దాకా వెళ్లే వకీలుకు ఇంగ్లిష్ ఫారం సరిపోతుంది. కింది కోర్టులో హిందీలోనే పని నడిపే వకీలు ఆ ఫారంలో మనసులో మాట రాయడు, టిక్కు పెట్టి ఇచ్చేస్తాడు.

తీరిక లేదన్నది అందరూ చెప్పే అభ్యంతరం. నిజమే, బార్ సంఘాల్లో ఈ పని చూసుకోవడానికి జీతగాళ్లుండరు. అయినా ఏడాదికి ఆరు సదస్సులు పెట్టి ఒక్కదానికీ ఫలితం తెలియకపోవడం కంటే, మూడే పెట్టి మూడింటినీ చివరిదాకా వెంటాడటం లాభసాటి బేరం. అప్పుడు వచ్చే ఏడాది అంశం ఏమిటో అధ్యక్షుడి అభిరుచిని బట్టి కాక, కోర్టులో ఎదురైన చిక్కులను బట్టి తేలుతుంది.

ఆ లెక్కన సదస్సు విజయాన్ని కొలిచే చోటు హాలు కాదు. గడువు నిండిన ఖైదీ పేరు జైలు రిజిస్టరులో ఇంకా ఉందా, లేదా అన్నదే కొలత.