చిత్తడి నేల మీద పొగబండి

మన దగ్గర రైలు పెట్టెలో పొయ్యి వెలిగించడం నేరం. జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైదోలో ఒక రైల్లో మాత్రం రైల్వేవాళ్లే బొగ్గుల పొయ్యి రాజేసి పెడతారు. పెట్టెలో అమ్మే ఎండు స్క్విడ్ కొనుక్కుని, ఆ పొయ్యి మీద కాల్చుకుని, వేళ్లు చురుక్కుమంటున్నా చీలికలు చేసి నములుతారు ప్రయాణికులు. ఎండుచేపల వాసన ఎరిగిన కోస్తావాళ్లకు ఆ బండి ఎక్కీ ఎక్కగానే ఇల్లు గుర్తొస్తుంది. గుండ్రటి బొజ్జతో ఉండే ఆ పొయ్యిని 'దరుమా' పొయ్యి అంటారు. దరుమా అంటే బోధిధర్ముడు, దక్షిణాది నుంచి చైనాకు వెళ్లాడని కథలు చెప్పే మన బోధిధర్ముడే! అక్కడ ఆయన గుండ్రటి బొమ్మ అయ్యాడు. ఆ బొమ్మ పోలికతో పొయ్యికీ ఆ పేరు వచ్చింది.

బండి పేరు 'ఎస్ఎల్ ఫుయు నో షిత్సుగెన్'. ఫుయు అంటే శీతాకాలం, షిత్సుగెన్ అంటే చిత్తడి నేల, ఎస్ఎల్ అంటే ఆవిరి ఇంజను. 2000లో మొదలైంది. ఏటా జనవరి నుంచి మార్చి దాకా, అదీ ఎంపిక చేసిన రోజుల్లోనే, కుషిరో రేవు పట్టణం నుంచి షిబెచా వరకు నడుస్తుంది. దూరం 48 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు గంటన్నర. తొందరపడేవాళ్లు ఎక్కే బండి కాదిది.

ఆవిరి బండిని చలికాలంలోనే ఎందుకు నడపాలి? చలికి జనం రాని ఊళ్లకు జనాన్ని రప్పించాలన్నది వ్యాపారం లెక్క. ఇంకో కారణం భౌతికశాస్త్రంలో ఉంది. పొగగొట్టంలోంచి వచ్చేదంతా పొగ కాదు. సిలిండర్లలో పిస్టన్లను తోసిన ఆవిరి, పని అయిపోయాక పొగగొట్టం గుండా బయటికి దూకుతుంది. దూకుతూ నిప్పుగూటిలోని గాలిని తనతో లాక్కుపోతుంది. అందుకే బండి ఎంత కష్టపడితే నిప్పు అంతగా మండుతుంది. 'ఛుక్‌ఛుక్' చప్పుడు కూడా ఆ దూకుడుదే. ఎండాకాలంలో ఆ ఆవిరి గాలిలో ఇట్టే కలిసిపోయి అంతగా కంటికి ఆనదు. చలిలో అది క్షణంలో సన్నటి నీటి తుంపరగా మారి తెల్లగా కమ్ముకుంటుంది. లంబసింగిలో తెల్లవారుజామున నోరు తెరిస్తే వచ్చే పొగ లాంటిదే, కాకపోతే ఇక్కడ ఊపిరి వదిలేది 66 టన్నుల ఇనుము.

పైగా కుషిరో చలి ఒక తీరు. సైబీరియా గాలులు జపాన్ సముద్రం మీది తేమను మోసుకొచ్చి పడమటి తీరంలో మంచుగా కుమ్మరిస్తాయి. కొండలు దాటి తూర్పుకు చేరేసరికి వాటిలో తడి అంతగా మిగలదు. అందుకే ఇక్కడ మంచు తక్కువ, చలి ఎక్కువ, ఆకాశం నీలం. షిబెచా వైపు కొన్ని రాత్రులు మైనస్ 20 డిగ్రీల దాకా పడిపోతుంది. నీలాకాశం కింద తెల్లటి ఆవిరి ఎలా ఉంటుందో పట్టాల పక్కన కెమెరా ముక్కాలి స్టాండ్లు నిలబెట్టుకుని గంటలకొద్దీ గడ్డకట్టే ఫొటోగ్రాఫర్లను అడగాలి.

ఇంజను పేరు సి11 171. 1940లో తయారైంది. జపాన్ జాతీయ రైల్వే 1975 డిసెంబరులో ఆవిరి ప్రయాణికుల బండ్లకు స్వస్తి చెప్పింది. ఈ ఇంజను షిబెచాలో ఒక పార్కులో పిల్లలు ఎక్కి ఆడుకునే బొమ్మగా మిగిలింది. దాన్ని బాగుచేయించి 1999లో మళ్లీ పట్టాలెక్కించారు. నీళ్లనూ బొగ్గునూ ఒంటి మీదే మోసుకుపోయే రకం ఇది. వెనక వేరే బొగ్గు పెట్టె ఉండదు కాబట్టి వెనక్కి నడపడం తేలిక. షిబెచాలో ఇంజనును తిప్పే చక్రం లేదు. అందుకే తిరుగు ప్రయాణంలో మన ఇంజను వెనక నడకే నడుస్తుంది. ముందుకు చూస్తూ వచ్చినదాని ముఖం ఇప్పుడు పెట్టెల వైపు ఉంటుంది.

కిటికీ అవతల ఉన్నది జపాన్‌లోకెల్లా పెద్ద చిత్తడి నేల. 1980లో ఆ దేశం నుంచి మొదటగా రామ్‌సర్ జాబితాకెక్కింది, 1987లో జాతీయ పార్కు అయింది. కుషిరో నది మెలికలు, ఎండిన రెల్లు, గడ్డకట్టిన తొరో సరస్సు. కయనుమ స్టేషన్ దగ్గరికి నెత్తి మీద ఎర్రటి మచ్చ ఉన్న తంచో కొంగలు వస్తాయి. వేటకూ, చిత్తడి నేలల ఆక్రమణకూ గురై ఇక అంతరించాయనుకున్న ఈ పక్షులు 1924లో ఇక్కడే గుప్పెడు కనిపించాయి. చలికాలంలో రైతులు వేసిన మొక్కజొన్న గింజలతో వాటి సంఖ్య పెరిగి, ఇప్పుడు హొక్కైదోలో వెయ్యి దాటింది. జింకలకు మాత్రం రైలంటే లెక్క లేదు. పట్టాల మీదే నిలబడి చూస్తాయి, డ్రైవరు కూత మీద కూత వేయాలి.

ఈ ప్రాంతానికి రైలు వచ్చింది మాత్రం విహారానికి కాదు. షిబెచా దాటాక అతొసనుపురి అనే గంధకపు కొండ ఉంది. 1887లోనే అక్కడి నుంచి షిబెచాకు గంధకం మోసే రైలు వేశారు. ఆ గనిలో పనిచేసినవాళ్లు ఖైదీలు. గంధకపు పొగకు కళ్లు పోగొట్టుకున్నవాళ్లూ, ప్రాణాలు వదిలినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఖనిజం కోసం రైలు వేసిన చోట పర్యాటకులు తిరగడం మనకూ తెలుసు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కే పంపడానికి వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీదే నేడు అద్దాల పెట్టెలో అరకు చూసొస్తున్నాం.

బండి ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ లైను పరిస్థితి ముచ్చటగా లేదు. తమ శక్తితోనే నిలబెట్టలేని మార్గాల జాబితాను హొక్కైదో రైల్వే కంపెనీ 2016లో ప్రకటించింది. కుషిరో-అబషిరి లైను అందులో ఉంది. అయినా 2022లో ఈ బండి పెట్టెలకు కొత్త మెరుగులు దిద్ది, నది వైపు చూసేలా సీట్లు వేశారు.

జనవరిలో కుషిరోలో సాయంత్రం నాలుగు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. తిరుగు బండి ఊరు చేరే వేళకు ఎండ ఏటవాలుగా పడి ఆవిరి కుంకుమరంగు పూసుకుంటుంది. పొయ్యి దగ్గర ఎవరో చివరి స్క్విడ్ ముక్కను తిప్పుతుంటారు. దిగినవాళ్ల కోట్లకు అంటిన బొగ్గు, చేపల వాసన హోటల్ గదిదాకా వెంటపోతుంది.