పిడుగు పుట్టుక: భూమిపైన, ఇతర గ్రహములపైన

తొలకరికి ముందు, సాయంసమయమున కారుమబ్బులు క్రమ్ముట, ఉరుములు వినవచ్చుట, పొలములోని రైతు పరుగున పోయి తాటిచెట్టు క్రింద నిలుచుట మన గ్రామములందు తఱచుగా కనబడు దృశ్యము. ఉరిమినప్పుడు అర్జునుని పది నామములు స్మరించుట పెద్దలనుండి వచ్చిన ఆచారము. స్మరణము మనస్సునకు ధైర్యము నిచ్చును. కాని తాటిచెట్టు నీడ ప్రాణమును తీయవచ్చును. కారణమేమో పంచాయతీ సభ్యులకు వివరింప దలచితిమి.

మేఘము యొక్క పైభాగమున మిక్కిలి చలి. అచ్చట సన్నని మంచు స్ఫటికములు గాలితో పైకి లేచుచుండగా, వానికంటె బరువైన మంచుగుళికలు క్రిందికి జారుచుండును. ఈ రెండును ఒరసికొనుటచే విద్యుదావేశము వేరుపడును. సాధారణముగా స్ఫటికములు ధనావేశముతో పైకిని, గుళికలు ఋణావేశముతో క్రిందికిని చేరును. పొడిజుట్టును దువ్వునప్పుడు చిటపటలాడించు శక్తియే ఇది. గాలి సాధారణముగా విద్యుత్తును పోనీయదు. ఆవేశము హెచ్చి హెచ్చి గాలిని భేదించుకొని ప్రవహించినచో అది మెరుపు. నేలను తాకినచో పిడుగు. ఆ మార్గమందలి వేడిమి సుమారు 30,000 డిగ్రీలు, అనగా సూర్యుని ఉపరితలపు వేడిమికి అయిదు రెట్లు. ఆ వేడికి గాలి ఒక్కుమ్మడిగా వ్యాకోచించుటయే ఉరుము. మెరుపు విద్యుత్తే యని నిరూపించు పద్ధతిని అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచింపగా, 1752 మే నెలలో ఫ్రాన్సు దేశమున ఆ పరీక్ష ఫలించినది.

ఒరసికొను రేణువులు, వానిని వేరుచేయు గాలి, ఈ రెండును ఉన్నచో ఏ గ్రహమునందైనను మెరుపు పుట్టవచ్చును. 1979లో వాయేజర్ 1 నౌక బృహస్పతి గ్రహపు చీకటి భాగమున మెరుపులను ఛాయాచిత్రము తీసినది. 2016లో ఆ గ్రహమును చేరిన జూనో నౌక, నీరు మాత్రమే యైనచో గడ్డకట్టిపోవు ఎత్తులందు సైతము చిన్న మెరుపులను కనుగొన్నది. ఉప్పు కలిసిన నీరు త్వరగా గడ్డకట్టనట్లే, అచ్చట అమ్మోనియా కలిసిన నీరు ద్రవముగా నుండుటయే ఇందులకు కారణమని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. శనిగ్రహమందలి మెరుపులను కాసినీ నౌక 2009లో చిత్రించినది. అంగారకునిపై ఉరుము మేఘములు లేవు. ధూళి సుడిగాలులు కలవు. అచ్చటి వాయుపీడనము మన దానిలో నూరవ వంతు కంటె తక్కువ. పలుచని గాలిలో నిప్పురవ్వ సులభముగా దుముకును గాని, దాని బలము స్వల్పము. పెర్సెవరెన్స్ యంత్రముపైనున్న మైక్రోఫోను అట్టి రవ్వల చప్పుళ్లను గ్రహించినట్లు 2025లో వెల్లడియైనది. శుక్రగ్రహమున మెరుపులున్నవా యను విషయమున మాత్రము శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము లేదు.

మనుష్యులే లేని గ్రహములందును మెరుపులు మెరయుచున్నవి. కావున పిడుగు ఎవరి పాపఫలమును కాదు, దైవాగ్రహమును కాదు. పిడుగుపాటున ఇంటి యజమానిని కోల్పోయిన కుటుంబమును నిందింపక ఆదుకొనుట మన విధి.

2018 ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశమున 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనవి. మన దేశమున ఏటా రెండువేలకు పైగా ప్రజలు పిడుగులకు బలియగుచున్నారు. కావున ఈ క్రింది విషయములను గ్రామస్థులకు తెలుపుడు.

మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువఱకు లెక్కింపుడు. ప్రతి మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు దూరము. లెక్క ముప్పదికి లోపైనచో వెంటనే పక్కా భవనమును చేరవలెను. కడపటి ఉరుము తరువాత అరగంట వఱకు వెలుపలికి రారాదు. ఒంటరి చెట్టు క్రింద నిలువరాదు. ఎత్తైన చెట్టుపై పడిన పిడుగు ప్రక్కనున్న మనిషిపైకి దుమికి రాగలదు, నేలగుండ కాళ్లకు ప్రాకగలదు. చెరువులో నుండరాదు. పిడుగు తగిలినవాని దేహమున విద్యుత్తు నిలిచియుండదు. నిర్భయముగా తాకి, ఊపిరి ఆగినచో కృత్రిమశ్వాస నిచ్చుచు, గుండె ఆగినచో ఛాతీని నొక్కుచు, ఆసుపత్రికి చేర్పవలెను.

పాఠశాలలకు, పంచాయతీ భవనములకు పిడుగును భూమిలోనికి దింపు లోహపు కడ్డీలను అమర్పించుట, మబ్బు పట్టిన దినములలో చాటింపు వేయించుట, ముందుగా హెచ్చరించు ‘దామిని’ యాప్‌ను యువకుల ఫోనులలో ఉంచుట పంచాయతీలకు అసాధ్యములు కావు. ఆకాశమందలి పిడుగును మనము ఆపజాలము. దాని దారినుండి మన రైతును తప్పింపగలము.