ఉప్పునీటి తొట్టిలో చేపలు చస్తే తప్పు ఎక్కడుంది?
మాదన్నపేట ఇంటి లెక్క, పల్లె బావికీ పనికొస్తుంది

మాదన్నపేట: టమాటా, వంకాయ, బెండ బుట్టలతో తెల్లవారకముందే మాదన్నపేట కూరగాయల మార్కెట్‌కు చేరే పల్లె రైతులకు ఈ పేట కొత్తేమీ కాదు. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కొలువులో మంత్రిగా ఉండి, 1686లో హతుడైన మాదన్న పేరు మీద ఈ పేట వెలిసిందని చెబుతారు. ఇక్కడికి సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. ఇలాంటి చోట ఇంటి ముందుగదిలో సముద్రపు చేపలు పెంచాలంటే సముద్రపు నీటిని ఇంట్లోనే తయారు చేసుకోవాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

చెరువు చేప ఎండకు, వానకు, బురదకు అలవాటుపడింది. సముద్రపు చేపకు ఆ అలవాటు లేదు. సముద్రంలో నీరు ఏడాది పొడుగునా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అదే చేపను వంద లీటర్ల గాజు తొట్టిలో వేస్తే ఒక్క పూటలో నీరు మారిపోవచ్చు. చేప చచ్చిపోతే అమ్మినవాడిని తిట్టి, మరో చేపను తెచ్చి వేయడం మామూలు. అదీ చస్తుంది. మూడోది కూడా పోయాక తొట్టి అటక మీదికి చేరుతుంది. వందలు, వేలు పోసి కొన్న సరుకు దండగవుతుంది, ప్రాణాలూ పోతాయి. నీటిని పరీక్షించకుండా కొత్త చేపను వేయడమే ఇందులో పెద్ద పొరపాటు.

ఇది పట్నంవాళ్ల సరదా, మనకెందుకు అనుకోనక్కర లేదు. కోస్తాలో రొయ్యల చెరువు చూసుకునే రైతుకు, పల్లెలో బావి నీళ్లు తాగే ఇంటికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

దొడ్డుప్పు కలిపితే సముద్రం కాదు

మంచినీళ్లలో దొడ్డుప్పు కరిగిస్తే సముద్రపు నీరు అవుతుందనుకునేవారు ఉన్నారు. అది సరి కాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడ్ 19 గ్రాముల పైన, సోడియం పదకొండు గ్రాములకు కాస్త తక్కువ. మిగిలినదాంట్లో సల్ఫేట్ 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం, పొటాషియం చెరో 0.4 గ్రాములు. వంటింటి ఉప్పులో సోడియం, క్లోరైడ్ తప్ప మిగతావి లెక్కకు రావు.

గోదావరి జిల్లాల్లో బోరు ఉప్పునీటితో వెనామీ రొయ్య పెంచే రైతులకు ఈ సంగతి అనుభవమే. నీరు నోటికి ఉప్పగానే ఉంటుంది, రొయ్య మాత్రం గుల్ల విడిచాక కోలుకోదు. పొటాషియం చాలదని తెలిశాక పొలానికి వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌నే చెరువులో చల్లుతున్నారు.

లండన్ జూలో 1853లో జనం చూడటానికి చేపల గృహం తెరిచారు. సముద్రానికి దూరంగా ఉన్నవారి కోసం లవణాలు కలిపి నీరు తయారు చేసే పద్ధతిని ఫిలిప్ గాస్ అనే శాస్త్రజ్ఞుడు 1854లో ప్రకటించాడు. మద్రాసు మెరీనా తీరంలో 1909లో అక్వేరియం వెలిసింది. దానికి సముద్రం పక్కనే ఉంది. మాదన్నపేటకు మాత్రం సంచిలో వచ్చే సముద్రపు లవణమే దిక్కు. దాన్ని లీటరుకు 35 నుంచి 38 గ్రాముల వంతున వేరే బకెట్లో కలిపి, గాలి గొట్టం పెట్టి ఒక రోజు ఉంచాకే తొట్టిలో పోయాలి. సాంద్రత హైడ్రోమీటరు మీద 1.025 దగ్గర ఉండాలి. ముల్లుకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పు చూపుతుంది, కాబట్టి రెండుసార్లు చూసుకోవాలి.

మొదటి పరీక్ష అమ్మోనియాకు

చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నా, మొప్పలు ఎర్రబడి వేగంగా కొట్టుకుంటున్నా ముందు చూడాల్సింది అమ్మోనియా. చేప విసర్జన నుంచి, మిగిలిపోయి కుళ్లిన మేత నుంచి అది పుడుతుంది.

పొలంలో వేసిన యూరియా అమ్మోనియాగా, తర్వాత నైట్రేట్‌గా మారి పైరుకు అందుతుందని రైతుకు తెలుసు. తొట్టిలోనూ అదే పని జరుగుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890లో ఈ జీవులను వేరుచేసి చూపించాడు. ఇవి తొట్టిలోని ఇసుకకు, రాళ్లకు, ఫిల్టరు స్పాంజికి పట్టుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో ఇవి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపలను గుంపుగా వేస్తే వాటి మలమే వాటికి విషమవుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాకే ఒక్కో చేపనూ వేయాలి.

పాత తొట్టిలో హఠాత్తుగా అమ్మోనియా కనబడితే కారణాలు నాలుగే: రాళ్ల సందులో చచ్చి కుళ్లుతున్న చేప, ఎక్కువైన మేత, ఒకేసారి పెరిగిన చేపల సంఖ్య, లేదా ఫిల్టరు స్పాంజిని నల్లా కింద కడగడం. నల్లా నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది. స్పాంజిని తొట్టి నుంచి తోడిన పాత ఉప్పునీటిలోనే పిండాలి.

వంటసోడా వేసే ముందు ఆగాలి

పీహెచ్ 8.1 నుంచి 8.3 వరకు ఉండాలని చదివి, అది 7.7కి దిగగానే వంటసోడా గుమ్మరించేవారు ఉన్నారు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది చేపను చంపుతుంది. పీహెచ్ 7 దగ్గర విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8.2కు చేరితే అదే సుమారు ఏడెనిమిది పాళ్లవుతుంది. నీటిలో అమ్మోనియా ఉండగా సోడాతో పీహెచ్ పెంచితే విషాన్ని మనమే పెంచినట్టు. అందుకే అమ్మోనియా పరీక్ష ముందు, సోడా తర్వాత.

అమ్మోనియా లేదని తేలాక కారణం వెతకాలి. తలుపులు, కిటికీలు మూసిన చిన్న గదిలో మనుషుల శ్వాసతో బొగ్గుపులుసు గాలి పెరిగినా పీహెచ్ తగ్గుతుంది. గ్లాసుతో తొట్టి నీరు తీసి, ఆరుబయట గంటసేపు గాలి గొట్టం పెట్టి మళ్లీ చూడాలి. అప్పుడు పీహెచ్ పెరిగితే తప్పు గది గాలిది. కిటికీ తెరిస్తే చాలు. పెరగకపోతే క్షారత తగ్గిందేమో పరీక్షించాలి. వంద లీటర్లకు 3 గ్రాముల వంటసోడా వేస్తే క్షారత సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. రోజుకు అంతకు మించి పెంచరాదు.

ఎండాకాలం తిప్పలు

హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల ఎండకు తొట్టి నీరు గబగబా తగ్గుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. ఉప్పు మడుల్లో జరిగేది ఇదే. వంద లీటర్లలో పది లీటర్లు ఆవిరైతే 35 గ్రాముల ఉప్పదనం దాదాపు 39కి చేరుతుంది. తగ్గిన నీటికి బదులు మళ్లీ ఉప్పునీరు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరినట్టే. రోజువారీ తరుగుకు మంచినీరే పోయాలి. తొట్టి గాజు మీద గీత గీసుకుని, ఏ రోజు తరుగు ఆ రోజే నింపాలి. అప్పటికే ఉప్పదనం పెరిగిపోతే సాంద్రతను రోజుకు 0.001 వంతునే దించాలి. ఒక్కసారిగా దించితే చేప తట్టుకోలేదు.

రెండో తిప్పలు వేడి. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 8 మిల్లీగ్రాముల పైన ప్రాణవాయువు కరిగితే, సముద్రపు నీటిలో 7కు లోపే కరుగుతుంది. 30 డిగ్రీలకు ఇంకా తగ్గుతుంది. పైగా కరెంటు పోతే పంపు ఆగుతుంది. బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి పంపు ఇంట్లో ఉంచుకోవాలి. అది లేనప్పుడు చెంబుతో నీరు తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉన్నా కొంతసేపు గట్టెక్కవచ్చు. మూత ఉన్న ఫిల్టరు గంటల తరబడి ఆగితే లోపలి నీరు చెడుతుంది. కరెంటు వచ్చాక ఆ నీటిని పారబోసి, ఫిల్టరును తొట్టి నీటితో తొలిచిన తర్వాతే నడపాలి.

నల్లా నీళ్లా, బోరు నీళ్లా?

నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు గాలి గొట్టం పెట్టి ఉంచితే పోతుంది. తొందరైతే ఒకప్పుడు ఫొటో స్టూడియోలలో వాడిన హైపో దాన్ని విరుస్తుంది. బోరు నీటికి క్లోరిన్ బెడద లేకపోయినా నైట్రేట్, ఇతర లవణాలు ఎక్కువ ఉండవచ్చు. ఆ నీటితో మార్పిడి చేస్తే నాచును మన చేత్తో విత్తినట్టే. ఆర్‌వో నీరు వాడటం మేలు. ఆ యంత్రం నీటిని కూడా టీడీఎస్ మీటరుతో అప్పుడప్పుడూ చూడాలి. అంకె పెరుగుతుంటే ఫిల్టరు మార్చే సమయం వచ్చినట్టు.

కొత్త తొట్టిలో మొదటి వారాల్లో గోధుమ రంగు పొర వస్తే భయపడనక్కర లేదు, సాధారణంగా దానంతట అదే పోతుంది. పచ్చటి జుట్టులా నాచు పెరిగితే మాత్రం నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగాయని గుర్తు. మందులు వెతకడం కన్నా మేత తగ్గించడం ముఖ్యం. రెండు నిమిషాల్లో తిన్నంతే వేయాలి.

అన్ని పరీక్షలూ బాగున్నా చేపలు చస్తుంటే ఇంట్లో కొట్టిన దోమల మందు సంగతి ఆలోచించాలి. చాలా దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు కాలకూటం. వీధిలో పొగ మందు కొట్టే వేళ తొట్టి మీద గుడ్డ కప్పి, గాలి పంపు ఆపి, పొగ పోయాక నడపాలి. చేప జబ్బుకు వేసే రాగి మందు కూడా రొయ్యలను, నత్తలను చంపుతుంది. రాళ్లలో ఇంకి చాలాకాలం ఉంటుంది. జబ్బు చేపకు వేరే డబ్బాలోనే వైద్యం చేయాలి.

ఆపద వచ్చిన రోజు

చేపలు తల్లడిల్లుతుంటే అయిదు పనులు వరసగా చేయాలి. చచ్చినదాన్ని తీసేయాలి. గాలి పెంచాలి. మేత ఆపాలి. అమ్మోనియా, నైట్రైట్, ఉప్పదనం, వేడి, పీహెచ్ చూసి రాసుకోవాలి. అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న కొత్త నీటితో నాలుగో వంతు మార్చాలి. మర్నాడు మళ్లీ పరీక్షించాలి. ఒకే రోజు నాలుగు రకాల మందులు పోస్తే ఏది పని చేసిందో, ఏది చెరిచిందో తెలియదు. మామూలు రోజుల్లో వారానికి నూటికి పది, పదిహేను వంతుల నీరు మార్చితే సరిపోతుంది.

కొనేటప్పుడు చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. గుర్రపు మొహం ఉండే సీహార్స్ చేపను, పగడాలను 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. ముచ్చటైన క్లౌన్ చేప పిల్లలను హేచరీలో తీసే పద్ధతిని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. సముద్రంలో పట్టిన దానికన్నా హేచరీ పిల్ల తొట్టికి త్వరగా అలవాటు పడుతుంది.

పల్లెలో ఇదే లెక్క

తొట్టిలో నాచు పెంచే నైట్రేటే పల్లెలో తాగునీటికి ముప్పు. పొలం ఎరువులు, పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతల నుంచి అది బావుల్లోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. మించిన నీటితో పాలు కలిపి పడితే నెలల పసికందు రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది.

కాచి చల్లార్చితే చాలు కదా అని తల్లులు అనుకోవచ్చు. కాస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ మాత్రం పోదు. తొట్టిలో నీరు ఆవిరై ఉప్పు మిగిలినట్టే, కాచిన గిన్నెలో నీరు తగ్గి నైట్రేట్ పాలు పెరుగుతుంది. కంటికి, నాలుకకు అది తెలియదు. పరీక్ష ఒక్కటే మార్గం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లతో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఊళ్లో ఆ కిట్టు ఎవరి దగ్గర ఉందో పంచాయతీలో అడిగి, పసిపిల్లలున్న ఇళ్ల బావి, బోరు నీళ్లను ముందు చూపించుకోవాలి. వానాకాలానికి ముందొకసారి, తర్వాత మరోసారి చూపించి, అంకెను తేదీతో సహా గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది నీరు మెరుగైందో, చెడిందో ఇంటివారికే తెలుస్తుంది.