పన్నెండు ఎకరాలు, తొంభై తొమ్మిదేళ్లు

సర్కారు స్థలంలో, యూనివర్సిటీ పక్కన బిజినెస్ పార్కు కడతామని ప్రకటన రాగానే పేపర్లలో రెండు అంకెలు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. పెట్టుబడి ఎన్ని వేల కోట్లు, ఉద్యోగాలు ఎన్ని లక్షలు. ఈ రెండూ అంచనాలే. ఎవరూ సంతకం పెట్టి పూచీ పడేవి కావు. భూమి చివరికి ఎవరి పేరు మీద ఉంటుంది, ఏ సంవత్సరానికి ఎన్ని చదరపు అడుగులు కట్టి తీరాలి, పక్కనున్న విద్యాసంస్థతో కంపెనీలకు ఏ ముడి ఉంటుంది? ఒప్పందంలో రాసుకునే అంకెలు ఇవీ. పౌరులు అడగాల్సినవి కూడా ఇవే. న్యూయార్క్ నగరం ఈ లెక్కను ఎలా కట్టిందో చూస్తే మన హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి భూముల వివాదంలో ఏ ప్రశ్నలు అడగాలో తెలుస్తుంది.

2008 ఆర్థిక సంక్షోభంలో వాల్ స్ట్రీట్ కుదేలయ్యాక, బ్యాంకుల మీదే బతుకుతున్న ఊరికి రెండో ఆధారం కావాలని న్యూయార్క్ యంత్రాంగానికి అర్థమైంది. ఇంజినీర్లు ఉన్నచోటే కంపెనీలు పుడతాయి, ఇంజినీర్లను తయారుచేసే పెద్ద సంస్థ తమ ఊళ్లో సరిపడా లేదన్నది వారి నిర్ధారణ. 2010 డిసెంబరులో మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ ప్రభుత్వం ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలన్నిటినీ పిలిచింది: మా భూమి ఇస్తాం, మీరేం కడతారో చెప్పండి అని. 2011 మార్చికి 27 సంస్థల నుంచి 18 ప్రతిపాదనలు వచ్చాయి. రోడ్లు, నీళ్లు, కరెంటు లాంటి వసతులకు 10 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని జులైలో నగరం చెప్పింది. అక్టోబరు గడువుకు చివరి పోటీలో మిగిలినవి ఏడు. వాటిలో న్యూయార్క్ యూనివర్సిటీ కూటమిలో ఐఐటీ బొంబాయి భాగస్వామి. అమిటీ యూనివర్సిటీ కూడా గవర్నర్స్ ఐలాండ్ అనే దీవి కోసం దరఖాస్తు పెట్టింది.

స్టాన్‌ఫర్డే గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. డిసెంబరు 16న ఆ సంస్థ పోటీ నుంచి తప్పుకుంది. అదే రోజు పోటీలో ఉన్న కార్నెల్ విశ్వవిద్యాలయం తనకు 35 కోట్ల డాలర్ల విరాళం వచ్చిందని చెప్పింది. దాత పేరు మూడు రోజుల తర్వాత బయటపడింది. ఆయన కార్నెల్ పూర్వ విద్యార్థి చక్ ఫీనీ, విరాళం ఆయన స్థాపించిన అట్లాంటిక్ ఫిలాంత్రపీస్ తరఫున వచ్చింది. డిసెంబరు 19న కార్నెల్, ఇజ్రాయెల్‌కు చెందిన టెక్నియన్‌ల జంట గెలిచినట్టు మేయర్ ప్రకటించారు.

వాళ్లకు దక్కిన స్థలం మన్‌హట్టన్‌కూ క్వీన్స్‌కూ మధ్య ఈస్ట్ నదిలో ఉన్న రూజ్‌వెల్ట్ ఐలాండ్ మీద ఉంది. దీవి పొడవు రెండు మైళ్లు, విస్తీర్ణం 147 ఎకరాలు. దీవి నగరం సొత్తు. అందులో క్యాంపస్‌కు కేటాయించింది సుమారు 12 ఎకరాలు. అమ్మలేదు, 99 ఏళ్ల లీజుకిచ్చారు. బ్లూమ్‌బర్గ్ పదవి దిగిపోవడానికి కొద్ది రోజుల ముందు, 2013 డిసెంబరులో లీజు మీద సంతకాలయ్యాయి. మొత్తం 20 లక్షల చదరపు అడుగులు. తొలి దశ 2017లో తెరవాలి, మిగతాది 2043 నాటికి పూర్తికావాలి. అప్పటికి 2,500 మంది దాకా విద్యార్థులు, దాదాపు 280 మంది అధ్యాపకులు ఉండాలి.

లెక్క వేయండి. 12 ఎకరాలంటే 5,22,720 చదరపు అడుగులు. దాని మీద 20 లక్షల అడుగుల కట్టడం అంటే నేల విస్తీర్ణానికి దాదాపు 3.8 రెట్లు. అందులోనే అందరూ నడవగలిగే బహిరంగ స్థలం రెండున్నర ఎకరాలు వదలాలి. చుట్టూ గోడ, గేటు లేవు. దీవివాసులు కుక్కను తిప్పుకుంటూ క్యాంపస్ మధ్య నుంచే వెళ్లొచ్చు. పార్కు అన్న పేరుకు న్యాయం జరగాలంటే ఇలాంటి నిబంధన కాగితం మీద ఉండాలి. మన దగ్గర బిజినెస్ పార్కులో అడుగు పెట్టాలంటే ముందు సెక్యూరిటీ దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి.

నగరం చెప్పిన లాభాల్లోకి వద్దాం. ముప్పై ఏళ్లలో 2,300 కోట్ల డాలర్ల ఆర్థిక కార్యకలాపం, 140 కోట్ల డాలర్ల పన్ను రాబడి. క్యాంపస్ కారణంగా 8,000 దాకా శాశ్వత ఉద్యోగాలు. అక్కడ పుట్టే దాదాపు 600 కంపెనీల వల్ల మరో 30,000. వీటిని ఒకే గాటన కట్టి 38,000 అని రాసేస్తే పాఠకుణ్ని మోసగించినట్టే. మొదటి అంకెను ఏటా జీతాల జాబితాతో సరిచూసుకోవచ్చు. రెండోది కొమ్మ మీది కోయిల. పన్ను రాబడి కూడా అంతే. 140 కోట్లను ముప్పై ఏళ్లకు పంచితే ఏడాదికి నాలుగున్నర కోట్ల డాలర్లు పైచిలుకు. నగరం పెట్టిన 10 కోట్లతో పోలిస్తే గొప్పగానే కనిపిస్తుంది. కానీ ఖర్చు వైపు పద్దులో 12 ఎకరాల నదీతీరపు భూమి విలువ లేదు. తొలి ఏళ్లలో రాబడి తక్కువ, చివరి ఏళ్లలో ఎక్కువ కాబట్టి సగటు కూడా అసలు సంగతి చెప్పదు.

కంపెనీల సంఖ్యను మాత్రం సరిచూడొచ్చు. 600 కావాలంటే ఏడాదికి ఇరవై చొప్పున పుట్టాలి. తొలి పదేళ్లలో పుట్టినవి సుమారు వంద, అంటే ఏటా పది. ఇది వైఫల్యమని నేను అనను. తొలి తరగతి 2013 జనవరిలో మొదలైనప్పుడు విద్యార్థులు ఎనిమిది మంది. దీవి మీద భవనాలు లేచేదాకా గూగుల్ తన చెల్సియా భవనంలో 22,000 చదరపు అడుగులు అద్దె లేకుండా ఇచ్చింది. విత్తనం నాటిన ఏడాదే కాపు కాయదు. అయినా ఇచ్చిన మాటలో ఆ పదేళ్లలో అందింది సగం వేగమేనన్న సంగతిని పౌరులకు చెప్పాలి.

2017 సెప్టెంబరు 13న మూడు భవనాలు తెరుచుకున్నాయి. వాటి పక్కపక్క అమరికను చూస్తే మిశ్రమ వినియోగం అంటే ఏమిటో బోధపడుతుంది. తరగతులకు బ్లూమ్‌బర్గ్ సెంటర్, సుమారు 1,60,000 చదరపు అడుగులు. విద్యార్థులు, అధ్యాపకులు కాపురం ఉండటానికి ది హౌస్ అనే 26 అంతస్తుల భవనం, దాదాపు 350 ఇళ్లు. వేడికీ చల్లదనానికీ అతి తక్కువ కరెంటు వాడే పాసివ్ హౌస్ ప్రమాణంతో అంత ఎత్తు కట్టడం అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. మూడోది కంపెనీల కోసం, సుమారు 2,35,000 చదరపు అడుగులు. ఫారెస్ట్ సిటీ అనే డెవలపర్ కట్టింది. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ కార్నెల్ తానే తీసుకుంది, మిగతాది సిటీగ్రూప్, ఫెర్రెరో లాంటి కంపెనీలు అద్దెకు తీసుకున్నాయి. డెవలపర్‌కు కార్నెల్ అద్దె భరోసా, కార్నెల్‌కు అప్పు బరువు లేని భవనం. 2017 చివర్లో టీసీఎస్ 5 కోట్ల డాలర్లు పెట్టడంతో ఆ భవనానికి టాటా ఇన్నొవేషన్ సెంటర్ అని పేరు వచ్చింది. 2021లో హోటలు, సమావేశ మందిరం చేరాయి. తొలి మూడు భవనాలూ కలిపితే 6.65 లక్షల అడుగులు, అంటే కట్టాల్సిన 20 లక్షల్లో మూడో వంతు.

ఈ లెక్కల్లో చేరని మనుషులున్నారు. ఆ స్థలంలో 1939 నుంచీ గోల్డ్‌వాటర్ ఆస్పత్రి ఉండేది. ఏళ్ల తరబడి మంచం పట్టిన రోగులు అక్కడే బతికేవారు. 2013 చివరికల్లా వాళ్లను ఇదే దీవి మీది కోలర్ ఆస్పత్రికీ, హార్లెమ్‌లో తెరిచిన మరో ఆస్పత్రికీ తరలించి, ఆ తర్వాత భవనాన్ని కూల్చారు. దీవివాసుల భయం ఇంకోటి. క్వీన్స్ నుంచి వాహనాలు రావడానికి ఉన్నది ఒక్కటే వంతెన, ఊరి మధ్య నుంచి వెళ్లేది ఒక్కటే వీధి. కూల్చిన ఇటుకలూ, రాబోయే స్టీలూ ఆ దారినే వేల లారీల్లో తిరిగితే పిల్లలు బడికి ఎలా వెళ్తారు? గట్టిగా పట్టుబట్టి, శిథిలాల్లో, సామగ్రిలో పెద్ద భాగాన్ని నది మీద బార్జీల్లో తరలించేలా కార్నెల్‌ను ఒప్పించారు. ఆ ఒప్పుకోలు ఎవరో దయతో ఇచ్చింది కాదు. భూమి నగరానిది కాబట్టి 2013 మేలో నగర కౌన్సిల్ ఆమోదం తప్పనిసరైంది. ఆ ఆమోదం కావాలి కాబట్టే జనం మాట చెల్లింది.

మన దేశంలో దీనికి దాదాపు సరితూగే కొలత చెన్నైలో ఉంది. ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్‌కు తమిళనాడు ప్రభుత్వం ఇచ్చింది 11.42 ఎకరాలు. 2010లో తొలి దశ తెరిచి, తర్వాత 12 లక్షల చదరపు అడుగులకు పెంచారు. ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా సారథ్యంలో ఇది రూపుదిద్దుకుంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది క్రెడిట్ల పద్ధతి. అక్కడ చోటు కావాలంటే అద్దె కడితే చాలదు. ఐఐటీతో కలిసి పరిశోధన ప్రాజెక్టు చేయడం, ప్రొఫెసర్ల సలహా తీసుకోవడం, విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇవ్వడం లాంటి పనులతో ఏటా నిర్ణీత క్రెడిట్లు సంపాదించాలి. కాల్ సెంటర్ పెట్టుకుని గేటు మూసుకుంటానంటే కుదరదు. క్యాంపస్ పక్కన అన్న మాటకు బరువు వచ్చేది ఇలాంటి నిబంధనతోనే. అది లేకపోతే మిగిలేది క్యాంపస్ పేరు చెప్పి పెంచిన రేటు.

ఇక గచ్చిబౌలి. హైదరాబాద్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు నగరానివి కావు, రాష్ట్ర ప్రభుత్వానివి. 2003–04లో అప్పటి ప్రభుత్వం ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కట్టబెట్టింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టుల్లో దాదాపు పద్దెనిమిదేళ్లు నలిగి, 2024 మేలో సుప్రీంకోర్టులో వ్యవహారం ప్రభుత్వం వైపు తేలింది. ఆ వెంటనే భూమి తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (టీజీఐఐసీ) చేతికి వెళ్లింది. ఐటీ, మిశ్రమ వినియోగ ప్రాజెక్టుతో 50,000 కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయన్నారు. 2025 మార్చి చివర్లో బుల్‌డోజర్లు దిగాయి, విద్యార్థులు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. అప్పటికి సుమారు వంద ఎకరాల్లో చెట్లు నేలకూలాయి. ఏప్రిల్ 16న, ఆ వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో చెప్పమని కోర్టు అడిగింది.

5 లక్షల్ని 400తో భాగిస్తే ఎకరానికి 1,250 ఉద్యోగాలు. న్యూయార్క్ తన దీవి మీద చెప్పుకున్నది 12 ఎకరాలకు 8,000, అంటే ఎకరానికి సుమారు 670. మనం చెప్పుకున్నది దానికి దాదాపు రెట్టింపు. అక్కడ ఇళ్లు, హోటలు, తరగతి గదులు అన్నీ కలిపి తలకు 250 చదరపు అడుగులు పడుతున్నాయి. అదే కొలత ఇక్కడ పెడితే 12.5 కోట్ల చదరపు అడుగులు కట్టాలి. 400 ఎకరాలంటే 1.74 కోట్ల చదరపు అడుగుల నేల, అంటే ఏడు రెట్లకు పైగా నిర్మాణం. కిక్కిరిసిన ఐటీ ఆఫీసులా తలకు వంద అడుగులే అనుకున్నా 5 కోట్ల అడుగులు, నేలకు 2.9 రెట్లు. అదీ రోడ్డుకు, చెరువుకు, బండకు, చెట్టుకు ఒక్క అడుగు వదలకుండా కడితే. అక్కడి మష్రూమ్ రాక్ అనే శిలను కాపాడతామని ప్రభుత్వమే చెప్పింది. కాపాడితే ఆ 5 లక్షల్లో ఎన్ని తగ్గుతాయో కూడా చెప్పాలి. అవి ప్రత్యక్ష ఉద్యోగాలా, పరోక్షమా? ఎన్నేళ్లలో? చేతిలో కాలిక్యులేటర్ ఉన్న డిగ్రీ విద్యార్థి ఐదు నిమిషాల్లో తేల్చగల లెక్కను ప్రకటనకు ముందే జనం ముందు పెట్టకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

వేలం వేస్తే డబ్బు వస్తుంది, నిజమే. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం అప్పటికి రికార్డు ధర 100.75 కోట్లు పలికింది. ఖజానా ఖాళీగా ఉన్న ప్రభుత్వానికి అది చిన్న ప్రలోభం కాదు. కానీ అమ్మిన ఎకరం మీద రేపు క్రెడిట్ల నిబంధన పెట్టలేం. బహిరంగ స్థలం వదలమని, 2043కి ఇన్ని అడుగులు చూపించమని అడగలేం. లీజు అయితే కోర్టుకెళ్లే కాగితం మన చేతిలో ఉంటుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు బయటపెట్టాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. లీజు ఎన్నేళ్లు, అద్దె ఎంత, ఎన్నేళ్లకోసారి పెంచుతారు. కట్టకుండా వదిలేసే ఎకరాలు ఎన్ని, అవి సర్వే పటంలో ఎక్కడున్నాయి. ప్రతి ఐదేళ్లకు కట్టాల్సిన చదరపు అడుగులు ఎన్ని, కట్టకపోతే భూమి ఏ తేదీకి వెనక్కొస్తుంది. యూనివర్సిటీ ప్రయోగశాలలతో పనిచేయాల్సిన కంపెనీల వాటా ఎంత. రూజ్‌వెల్ట్ ఐలాండ్‌లో ఇలాంటి లెక్కలు కౌన్సిల్ ముందుకు వచ్చాకే పాత ఆస్పత్రిని కూల్చారు. కంచ గచ్చిబౌలిలో బుల్‌డోజర్లు ముందొచ్చాయి.