పల్లెలో పుస్తకాల పండుగ

పండుగ చేయుట మన పల్లెలకు కొత్త గాదు. కార్తిక పౌర్ణమి నాడు దండేపల్లి మండలములోని గూడెము గుట్టకు ఎంత జనము వచ్చునో మంచిర్యాల జిల్లాలో ఎరుగనివారు లేరు. నాగోబా పూజకు కావలసిన గోదావరీ జలమునకై మెస్రం వంశీయులు ఎంతో దూరము కాలినడకన జన్నారం మండలములోని హస్తినమడుగునకు వచ్చి, అట్లే తిరిగి పోవుదురు. ఇట్టి నేలలో పుస్తకమునకు కూడ ఒక పండుగ యున్నదనిన, పలువురు పంచాయతీ సభ్యులు చిరునవ్వు నవ్వి యూరకుందురు. వారిని తప్పుపట్ట నక్కరలేదు. ఏటేట నవంబరు 14 నుండి 20 వరకు జరుగు జాతీయ గ్రంథాలయ వారోత్సవములు చాలచోట్ల ఒక పూలదండ, రెండు ఉపన్యాసములు, పిల్లలకు వ్యాసరచన పోటీ, చివరి దినమున బహుమతులు అను క్రమములోనే ముగియుచున్నవి. ఆ వారమంతయు పుస్తకమును గూర్చి మాటలాడినవారే గాని, పుస్తకమును చేతబట్టి చదివినవారు తక్కువ.

పట్టణములలో అట్లు గాదు. హైదరాబాదులో 1985 లో మొదలైన పుస్తక ప్రదర్శనకును, విజయవాడలో 1989 లో మొదలైన పుస్తక మహోత్సవమునకును జనము తండోపతండములుగ పోవుచుందురు. అచ్చట ఎవరును ఎవరికిని బోధ చేయరు. తండ్రి యొక దుకాణమున వ్యవసాయ గ్రంథము తిరగవేయుచుండ, కుమార్తె పక్క దుకాణమున నేలపై కూర్చుండి బొమ్మల కథ పూర్తిచేయును. కొన్నను కొనకున్నను పుటలు తిప్పిచూచుటకు అడ్డు చెప్పువారు లేరు. ఈ స్వేచ్ఛయే ఆ పండుగకు ప్రాణము. అయితే చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి ప్రాంతముల రైతు రెండువందల కిలోమీటర్లకు మించిన దూరము ప్రయాణము చేసి, పత్తి యేరు దినములలో, ఒక పుస్తకమునకై రాజధానికి పోగలడా? పోలేడు. కావున పండుగయే పల్లెకు రావలెను. దానిని రప్పింపగల అధికారము పంచాయతీకి ఉన్నది. అందులకు కావలసిన ధనములో కొంత పంచాయతీ చేతిమీదుగనే నడచుచున్నది. ఆ సంగతి ముందు చెప్పెదను.

మన ప్రాంతమున పుస్తకము ఊరక రాలేదు. ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలు నిజాము పాలనలో ఉన్నప్పుడు కచేరీ భాష ఉర్దూ; పై చదువులును ఆ భాషలోనే. అట్టి కాలమున, 1901 సెప్టెంబరు 1 న, హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు దానికి అండగ నిలిచిరి. మూడేండ్లకు, 1904 లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. అటుపిమ్మట తెలంగాణమున ఊరూర పఠనమందిరములు తలయెత్తుచు వచ్చినవి. సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రకారము ముందుగ సర్కారు అనుమతి వేడవలసిన దినములవి. పదిమంది కూడి పత్రిక చదువుకొనుటయే అనుమానింపదగిన పనిగ ఉండెను. తెలంగాణమున తెలుగు కవులే లేరన్న మాటకు సమాధానముగ సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934 లో వెలువరించిరి.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి సంగతి పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగ తెలిసికొనవలెను. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు. వంటపని చేసినాడు, హోటలులో పనిచేసినాడు, గోలకొండ పత్రికలో అచ్చుతప్పులు దిద్దినాడు. 1938 లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకములు ప్రకటించి, వానిని స్వయముగ మోసికొనిపోయి వీధివీధి తిరిగి అమ్మినాడు. పాఠకుడు పుస్తకము కడకు రాకున్న పుస్తకమే పాఠకుని కడకు పోవలెనని ఆయన నడచి చూపినాడు. కృష్ణా తీరమున పాతూరి నాగభూషణముగారు 1935 లో ఇదే పనిని పడవతో చేసిరి. పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పుస్తకముల పడవ నడచెను. రేవున ఆగినప్పుడు ఊరివారు పాతవి ఇచ్చి కొత్తవి తీసికొనెడివారు. అంతకుముందే, 1910 తరువాత, బరోడా సంస్థానమున పుస్తకములను పెట్టెలలో పెట్టి పల్లెలకు పంపుచుండిరి. ఒక పల్లె చదివిన పెట్టె మరియొక పల్లెకు పోవుచుండెను. దీనికి పెద్ద భవనమేమియు అక్కరలేదు.

ఇక ధనము మాట. 1960 నాటి ప్రజా గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయబడుచున్నది. దీనినే మనము గ్రంథాలయ సెస్సు అనుచున్నాము. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున ఇది అదనముగ చేరును. లెక్క కొరకు 400 ఇండ్ల గ్రామము నొకదాని తీసికొందము. ఇంటికి సగటున 500 రూపాయల పన్ను వసూలైనచో మొత్తము 2,00,000 రూపాయలు. దానిపై గ్రంథాలయ సెస్సు 16,000 రూపాయలు. ఈ పైకము పంచాయతీది కాదు. పంచాయతీ దానిని ప్రజల కడ పుచ్చుకొని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలసిన ధర్మకర్త మాత్రమే. కాని దారిదీపముల ఖర్చో, మోటారు మరమ్మతో అడ్డువచ్చి, పలు స్థానిక సంస్థలలో ఈ బాకీ ఏండ్ల తరబడి నిలిచిపోవుచున్నది. సంస్థకు పైకము చేరకున్న కొత్త పుస్తకములు రావు. కొత్త పుస్తకములు రాకున్న చదువరులు రారు. చదువరులు రాని గ్రంథాలయమునకు సెస్సు ఎందులకని పంచాయతీలో ప్రశ్న పుట్టును. ఈ చుట్టు ఎక్కడనో ఒకచోట తెగవలెను. పండుగకు ముందు జరుగు పంచాయతీ సమావేశమున సభ్యులు కార్యదర్శిగారిని అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే: ఈ ఏడు సెస్సు ఎంత వసూలైనది, ఎంత జమకట్టితిమి, రశీదు ఎక్కడ ఉన్నది? బాకీ తీర్చిన పంచాయతీ పుస్తకములు పంపుడని సంస్థను అడుగునప్పుడు ఆ మాటకు బలము వేరు.

గోదావరి యొడ్డున ఒక గ్రామమునకు పనిమీద పోయినప్పుడు నేను చూచినది చెప్పెదను. పంచాయతీ గదిలో అద్దముల బీరువా నిండ పుస్తకములున్నవి. బీరువాకు తాళము, తాళపుచెవి ఎవరి కడ నున్నదో ఎవరును చెప్పలేకపోయిరి. ఎనిమిదేండ్ల బాలిక యొకతె అద్దమునకు ముఖమానించి పుస్తకముల పేర్లను కూడబలుకుకొని చదువుచున్నది. ‘లోపలివి చదివితివా అమ్మా’ అని అడిగితిని. ‘పేర్లు అన్నీ చదివిన సారూ, లోపలివే చదవలేదు’ అన్నది. ఆ మాటకు గదిలోని వారెవ్వరును బదులు పలుకలేదు. మరునాడు తాళము పగులగొట్టించిరి. అడుగు వరుసను చెదలు తినివేసినది; మిగిలినవి బాగుగనే ఉన్నవి. గ్రంథాలయ శాస్త్రమున ప్రపంచమెరిగిన మన రంగనాథన్ గారు 1931 లో అయిదు సూత్రములు చెప్పుచు, పుస్తకము దాచుటకు గాక వాడుకకే పుట్టినదను దానిని మొదట పెట్టుటలోని ఆంతర్యము నాకు ఆ దినమున తెలిసినది.

పల్లెలో పండుగ జరుపుటకు పందిరి, వేదిక, ధ్వనివర్ధకము తప్పనిసరి కావు. పాఠశాల వసారాలో చాపలు పరచి, పుస్తకములను వెన్ను గాక అట్ట కనబడునట్లు పేర్చినచో చాలును. పట్టెడ త్రాళ్లు కట్టి సన్నని బాలల పుస్తకములను వానిపై వేలాడవేయవచ్చును. సమీపమున నున్న శాఖా గ్రంథాలయమునుండి కొన్ని పుస్తకములు ఎరువు తెచ్చుకొనవచ్చును. ఇండ్లలో అటకలపై పడియున్న చందమామలు, భారత భాగవతములు, పాత నవలలు రెండు దినముల మట్టునకు తెచ్చి పెట్టుడని గ్రామసభలో కోరినచో ఎన్ని బయటికి వచ్చునో చూచి మీరే ఆశ్చర్యపడుదురు. ఎవరి పుస్తకముపై వారి పేరు వ్రాయించి, ఒక నోటుబుక్కులో ఎక్కించుకొనుట మరువరాదు. ఈ చిన్న జాగ్రత్త లేక చెడిన స్నేహములు కొన్ని నేనెరుగుదును.

మహారాష్ట్రలో సాతారా జిల్లా భిలార్ గ్రామమున 2017 మే 4 న ఆ రాష్ట్ర ప్రభుత్వము పుస్తకముల ఊరు అను పథకమును ఆరంభించినది. అది స్ట్రాబెరీ పండించు చిన్న గ్రామము. సుమారు ఇరువదియైదు తావులలో, ఎక్కువగ రైతుల ఇండ్లలోనే, పుస్తకములు పెట్టిరి. ఒక ఇంట చరిత్ర, ఒక ఇంట కవిత్వము, మరియొక ఇంట పిల్లల పుస్తకములు. వచ్చినవారు ఆ యింటి వసారాలో కూర్చుండి చదువుకొందురు. మన ఇండ్లకు అరుగులు లేకపోలేదు గదా!

చదువురాని వారి మాట యేమని మీరు అడుగవచ్చును. వారికే ఈ పండుగ మరింత అవసరము. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో స్త్రీలు పలువురు ఒకచోట కూర్చుండి బీడీలు చుట్టుదురు. చేతులకు పని, చెవులకు తీరిక. క్యూబా దేశమున హవానా పట్టణపు చుట్టల కర్మాగారములలో 1865 నుండి ఒక చదువరి ఎత్తయిన పీటపై కూర్చుండి పత్రికలు, నవలలు చదువుచుండ కార్మికులు వినుచు పనిచేయు ఆచారము కలదు. ఆ చదువరి జీతమును కార్మికులే తమ కూలిలోనుండి ఇచ్చుకొనెడివారు. మన దేశమున కేరళలోని కన్ననూరులో 1969 లో ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘములో సైతము ఈ పద్ధతి నడచినది. పదవతరగతి చదువు బాలిక యొకతె సాయంకాలము అరగంట సేపు ఒక కథను గట్టిగ చదివినచో, మరునాడు తరువాయి యేమైనదని వారే పిలిపించుకొందురు.

జన్నారము వైపు గోండు, కోలాము గూడెములున్న పంచాయతీలు మరియొక సంగతి ఆలోచింపవలెను. హైమెన్ డార్ఫ్ దొర 1940 దశకమున మార్లవాయిలో గోండు పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాయించి చదువు చెప్పించెను. నార్నూరు మండలము గుంజాల గ్రామమున లభించిన ప్రాచీన గోండి లిపికి 2018 లో కంప్యూటరు అక్షరముల యూనికోడ్ పట్టికలో స్థానము దొరకినది. అచ్చటి పండుగలో గోండి కథలు చెప్పు పెద్దలకు చాప మీద చోటుండవలెను. వారు చెప్పినది ఎవరైన వ్రాసికొనినచో అదియు ఒక పుస్తకమే యగును.

నేడు శాఖా గ్రంథాలయములలో కుర్చీలు ఖాళీగ లేవన్నది నిజము. కాని వానిలో కూర్చున్నవారిలో అధికులు ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు. వారి శ్రమను తక్కువ చేయను. అయినను ఆ పక్కనే కథల బీరువా దుమ్ముపట్టి యుండుట చూచినప్పుడు మనసు కలుక్కుమనును. పరీక్ష ముగిసిననాడు ఆ చదువు ముగియును. కోరి చదివిన కథ వెంట వచ్చును. కాగజ్‌నగరము మన పొరుగుననే యున్నది. 1942 నుండి మన అడవుల వెదురు అచ్చట కాగితమైనది. ఆ మిల్లు 2014 లో మూతపడి 2018 లో తిరిగి తెరువబడినప్పుడు ఈ రైలుమార్గమున నున్న ఊళ్లన్నియు సంతోషించినవి. కాగితమును పుట్టించు సీమలో పుస్తకమునకు కరవు ఉండుట తగదు గదా.

పండుగ నవంబరులో జరుపదలచినచో అక్టోబరు సమావేశముననే తీర్మానము చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు లేఖ వ్రాయవలెను. వార్డు సభ్యులలో ఒకరికి పుస్తకముల పద్దు, మహిళా సంఘము వారికి పఠన కార్యక్రమము అప్పగింపవచ్చును. పోటీలు పెట్టినచో బహుమతిగ స్టీలు గిన్నెలు గాక పుస్తకములే ఇయ్యుడు. నవంబరు 21 వ తేదీ ఉదయమున బీరువా ఏ వేళకు తెరువబడును, తాళపుచెవి ఎవరి కడ నుండును అను రెండు విషయములను ఆ తీర్మానములోనే వ్రాసి, పంచాయతీ కార్యాలయపు గోడపై అందరికిని కనబడునట్లు అంటింపవలెను.